నానబెట్టిన పలకలు

దర్జీ అనేవాడు చెక్కపనికి దిగడమేమిటి, దిగినా పోయి పోయి వడ్రంగి మేస్త్రి పెరట్లోనే దిగడమేమిటి? పొద్దున్నే మొహం కడుక్కుందామని వెనక తలుపు తీసిన మేస్త్రికి ఎదురుగా ఒక తోపుడుబండి కనపడింది. బండి నిండా పలకలు, నాలుగు గుంజలు, రెండు రేకులు. పక్కన మెడలో టేపు వేలాడేసుకుని, చెవి సందులో సుద్దముక్క పెట్టుకుని సొంత బావమరిది. వాడి చేతిలో పొగలు కక్కే టీ గ్లాసు. ఆ ఇంట్లో పొయ్యి దిగిన మొదటి టీ ఇరవై ఆరేళ్లుగా మేస్త్రిదే. ఇవాళ అది చెయ్యి మారింది.

"ఏంటిది?" అని భార్యను అడిగాడు.

"షెడ్డు," అందావిడ, పూలకుండీలు పక్కకు జరుపుతూ.

"ఎవరు కడతారు?"

"తమ్ముడు."

"వాడు దర్జీ."

"చేతులున్నాయిగా."

ఆవిడ అంతటితో ఆపేసింది. దెప్పి ఉంటే బాగుండేది, తిరిగి దెప్పడానికి మేస్త్రి దగ్గర మాటలకేం కొదవ లేదు. పారలు, కత్తెరలు, విత్తనాల డబ్బాలు వానకు తడవకుండా పెట్టుకోవడానికి ఒక చిన్న చెక్క గది కావాలని ఆవిడ అడిగినప్పుడల్లా 'వచ్చే వారం' అన్నాడు. వారాలకేం, వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని కార్ఖానాలో తన మీద తనే జోకులేసుకునేవాడు. ఆవిడ అడగడం ఎప్పుడు మానేసిందో గమనించనేలేదు. ఇదిగో, ఇప్పుడు గమనించాడు.

ఆ పేటలో సగం తలుపులు మేస్త్రి చేతివే. అలాంటి మనిషి పెరట్లో ఒక దర్జీ కట్టిన షెడ్డు కూలిపోతే పరవాలేదు, నాలుగు రోజులు నవ్వుకోవచ్చు. నిలబడిందంటేనే ముప్పు. అన్నేళ్ల 'వచ్చే వారం' ఒట్టి బద్ధకమని తేలిపోతుంది. అది కూడా దిగమింగుకోగలడు. కానీ కొత్తగా చేసిన చెక్కపనిని ఆవిడ ఒక రకంగా చూస్తుంది. అరచేత్తో నిమిరి, తల కాస్త పక్కకు వంచి, చేసినవాడి మొహంలోకి చూస్తుంది. పెళ్లైన కొత్తలో మంచం చేసినప్పుడు అతన్ని అలాగే చూసింది. ఆ చూపు ఇప్పుడు తమ్ముడికి పోతుందంటే, ఎంత బావమరిది అయితే మాత్రం, మేస్త్రి కళ్లల్లో నిప్పులు పోసుకోకుండా ఉండలేకపోయాడు.

దర్జీ నోట్లో నువ్వుగింజ నానదు. బడిపిల్లల యూనిఫారాలన్నీ కుట్టేశాననీ, ఇంకో నెల దాకా దుకాణంలో ఈగలు తోలుకోవడమేననీ, అక్క మాట వరసకు షెడ్డు సంగతి అంటే సరేననేశాననీ అడక్కుండానే చెప్పుకొచ్చాడు. చెబుతూనే టేపు పరిచి స్థలం కొలిచాడు. కొలతల పుస్తకంలో చొక్కాలకూ పరికిణీలకూ మధ్య ఒక కొత్త పేజీ తిప్పి పొడవు, నడుము, భుజం అని రాసుకున్నాడు. షెడ్డుకు భుజమేమిట్రా అని మేస్త్రి లోపల్లోపల నవ్వుకున్నాడు. ఆ తర్వాత వాడు పాత పేపర్లు నేలమీద పరిచి, గుండుసూదులతో కలిపి, నాలుగు గోడలకూ నాలుగు నమూనాలు కత్తిరించాడు. మేస్త్రికి నవ్వు ఇంకాస్త ఎక్కువైంది. ఈ లెక్కన షెడ్డుకు కాలరూ గుండీలూ కూడా పెడతాడని అనుకుంటూ చెప్పులేసుకున్నాడు.

అప్పుడు చూశాడు. దర్జీ పలకల్ని ఒక్కొక్కటే మోసుకెళ్లి మొక్కలకు నీళ్లు పట్టే సిమెంటు తొట్టిలో దించుతున్నాడు. తేలిపోకుండా పైన రాళ్లు పెడుతున్నాడు. అవి బాగా ఆరిన పలకలు, ఎవరో మంచి సరుకే ఇచ్చారు.

"అవెందుకురా నీళ్లల్లో?" అని అడిగింది వాళ్లక్క.

"గుడ్డైనా చెక్కైనా ముడుచుకోవాల్సింది ముందే ముడుచుకోవాలక్కా. నానబెట్టకుండా కుట్టిన చొక్కా మొదటి ఉతుక్కే పొట్టిదైపోదూ? రేపు ఈ షెడ్డు వానకు తడిసిందనుకో, అప్పుడు ముడుచుకుంటే ఎవరిది పూచీ?"

మేస్త్రి నోరు తెరిచాడు. నీళ్లల్లో పడితే చెక్క ముడుచుకోదు, ఉబ్బుతుంది. ఉబ్బినప్పుడు బిగిస్తే ఆరాక పలకకూ పలకకూ మధ్య సందులు నోరు తెరుస్తాయి. చెక్కపనిలో చేరిన మొదటి నెల్లో ఎవడైనా నేర్చుకునే సంగతి ఇది. 'తియ్యరా బయటికి' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

సరిగ్గా అప్పుడే ఆవిడ తమ్ముడి భుజం తట్టి, "మావాడిది ముందుచూపు," అంది. అనడం తమ్ముడితోనే అన్నా, చూపు మాత్రం ఒక్క క్షణం మొగుడి మీద ఆగింది.

మేస్త్రి నోరు మూసుకున్నాడు. సంచి భుజాన తగిలించుకుని కార్ఖానాకు వెళ్లిపోయాడు.

కార్ఖానాలో డాక్టరుగారింటి తలుపు పని నడుస్తోంది. చట్రానికి ఉలితో రంధ్రం తొలుస్తూ మేస్త్రి రెండుసార్లు గీత దాటాడు. పాలిష్ పెట్టే ముసలాయన అది చూసి, ఒంట్లో బాలేదా అని అడిగాడు. ఒళ్లు బ్రహ్మాండంగా ఉందన్నాడు మేస్త్రి. ఆ తర్వాత ఉండబట్టలేక, మాకు తెలిసినవాడొకడు పలకలు నానబెట్టి షెడ్డు కడుతున్నాడని చెప్పాడు. ముసలాయన పాలిష్ గుడ్డ కిందపడేసి మరీ నవ్వాడు. నవ్వు ఆగాక, మరి నువ్వు చెప్పలేదా అన్నాడు.

"నన్నడిగితేగా? అడగనిదే అమ్మైనా పెట్టదు."

మాట బాగా అతికిందని మేస్త్రి సంతోషపడ్డాడు. ఆ సామెతను ఇంకోవైపు నుంచి చదివితే ఎవరికి తగులుతుందో అతనికి ఆ పూట తట్టలేదు. అన్నిసార్లు అడిగిన మనిషి ఇంట్లోనే ఉంది మరి.

రెండు రోజులు పలకలు తొట్టిలో నానాయి. మూడోరోజు పొద్దున దర్జీ వాటిని బయటికి తీసి, గోడకు చేరగిలేసి, నీడలో ఆరబెట్టాడు. మధ్యాహ్నానికి తాకి చూసి ఆరిపోయాయన్నాడు. నిజమే, చేతికి పొడిగానే తగిలాయి. గుడ్డకు పైన ఆరితే లోపలా ఆరినట్టే. చెక్క అలా కాదు, పైన పొడిగా ఉండి లోపల రోజుల తరబడి తడి దాచుకుంటుంది. పైగా ఎండ తగిలితే రంగు వెలిసిపోతుందని దర్జీ వాటి మీద పాత దుప్పటి కప్పాడు. ఇక ఆ తడి ఎక్కడికి పోతుంది?

మేస్త్రి ఆ రోజు తలనొప్పి వంక పెట్టి పెందలాడే ఇంటికొచ్చేశాడు. వెనక గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. చూడకుండా ఉంటే కడుపుమంట ఆగడం లేదు, చూస్తే రెట్టింపవుతోంది. అయినా చూడటమే మేలనిపించింది. అటుపైన రోజూ ఆ స్టూలు ఆ గుమ్మంలోనే.

పక్క గోడల దగ్గర బావమరిది తప్పకుండా బోల్తా పడతాడని అతను లెక్కేసుకున్నాడు. వాలుకప్పు షెడ్డుకు కుడిగోడ, ఎడమగోడ ఒకదానికొకటి తిరగేసి ఉండాలి. కొత్తవాళ్లంతా రెండూ ఒకేలా చేసేసి, ఒక గోడకు పలకలు లోపలివైపుకు వచ్చాయని తల పట్టుకుంటారు. మేస్త్రి కూడా తన మొదటి ఏడాదిలో పట్టుకున్నవాడే. దర్జీ మాత్రం పేపరు నమూనాను కుడిగోడకు ఒకసారి పరిచి గీసి, పక్కకు తిప్పి ఎడమగోడకు పరిచి గీశాడు. వాడి బతుకంతా చొక్కాలకు కుడిచెయ్యి, ఎడమచెయ్యి కత్తిరించడమే కదా. రెండు గోడలూ అద్దంలో చూసుకున్నట్టు కుదిరాయి. మేస్త్రికి గొంతులో వెలక్కాయ పడింది.

అంతటితో అయిందా? మేకు కొట్టే ముందు దర్జీ చట్రమంతా పురికొసతో కట్టాడు. చొక్కాకు ముందు కచ్చాకుట్టు వేసి, తొడిగి చూసి, ఆ తర్వాతే మిషను మీద పెడతారు చూశారూ, ఆ పద్ధతి. కట్టి నిలబెట్టి నాలుగడుగులు వెనక్కి వేసి, కళ్లు చికిలించి, ఒక మూల కాస్త దిగిందని కొస విప్పి సరిచేశాడు. అప్పుడు కొట్టాడు మేకు. పాతికేళ్లకు పైగా మేకు కొట్టి, వంకర వస్తే పీకి, మళ్లీ కొట్టే మేస్త్రికి ఆ పద్ధతి నచ్చింది. నచ్చినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

దర్జీ మధ్యమధ్యలో గుమ్మం వైపు చూసేవాడు. "ఏం బావా, బానే ఉందా?" అనేవాడు. మేస్త్రి తల ఆడించేవాడు. ఆ ఆడించడం అవునో కాదో ఎవరికి ఎలా కావాలంటే అలా అర్థం చేసుకోవచ్చు. వాడు నవ్వి, సుత్తి ఎత్తి, మళ్లీ పలక పక్కన పలక కొట్టేవాడు.

ఐదోరోజు సాయంత్రానికి షెడ్డు లేచి నిలబడింది. పైన రేకులు పడ్డాయి. తలుపుకు గడియ బిగిసింది. దర్జీ చొక్కా అంచుకు గుచ్చుకున్న సూది తీసి, పలకల మధ్య గుచ్చబోయి, "చూడక్కా, సూది దూరితే చెప్పు," అన్నాడు.

ఆవిడ చేతులు పైటకు తుడుచుకుని దగ్గరికొచ్చింది. అరచెయ్యి గోడ మీద పెట్టి ఈ చివర నుంచి ఆ చివరిదాకా నిమిరింది. తల కాస్త పక్కకు వంచింది. తమ్ముడి మొహంలోకి చూసింది. మేస్త్రి స్టూలు మీద అటు తిరిగి కూర్చున్నాడు. అప్పటికే చూసేశాడు, ఇంకెటు తిరిగితే ఏం లాభం?

ఆవిడ లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. "అబ్బ, ఎంత చీకటిగా ఉందో! ఒక్క చుక్క వెలుతురు లేదు. మీరూ రండి, చూద్దురుగాని!" అని లోపల నుంచే పిలిచింది. ఆ గొంతులో అంత సంతోషం విని చాలాకాలమైంది. మేస్త్రి పనుందన్నాడు. ఏం పని అని ఎవరూ అడగలేదు.

ఆ పూట కూడా చెప్పి ఉండవచ్చు. మేకులు పీకి, పలకలు నాలుగు రోజులు ఎండబెట్టి మళ్లీ కొట్టమంటే దర్జీ కిక్కురుమనకుండా కొట్టేవాడు. మేస్త్రి అది కూడా ఆలోచించాడు, అబద్ధమెందుకు. ఆలోచించి, పోనీలే, ఆ చూపు ఎన్ని రోజులుంటుందో చూద్దామని ఊరుకున్నాడు. తన భార్య మురిపెం నాలుగు రోజుల్లో చిట్లిపోవాలని కోరుకున్న మనిషిని ఏమనాలో మీరే చెప్పండి.

మర్నాటి నుంచి ఎండలు ముదిరాయి. పొద్దున లేవగానే మేస్త్రి పెరట్లోకి వెళ్లి గోడకేసి చూసేవాడు. రెండోరోజు మధ్యాహ్నం పలకల్లోంచి టప్పుమని ఒక చప్పుడు వినిపించింది. అతనికి చెవుల్లో తేనె పోసినట్టైంది. మూడోరోజు వెంట్రుకంత గీత. నాలుగోరోజుకు పెన్సిలు దూరింది. దూరుతుందో లేదో అతనే దూర్చి చూసుకున్నాడు. లోపలికి వెళ్లి తలుపు వేసుకుని నిలబడితే, నాలుగువైపులా నిలువునా వెలుగు చారలు. ఆవిడ విత్తనాల డబ్బాల మీద, తుడిచి పెట్టుకున్న పార మీద, కొత్తగా కొట్టుకున్న అరల మీద చారలు. మేస్త్రి చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. నవ్వు వస్తుందనుకున్నాడు, ఎందుకో పూర్తిగా రాలేదు. అయినా వారం రోజులుగా పదునుపెట్టుకున్న మాట ఉంది కదా, దాన్ని వృథా చెయ్యబుద్ధి కాలేదు.

వంటగదిలోకి వెళ్లి, "మీవాడి పనితనం చూశావా?" అన్నాడు.

ఆవిడ వెళ్లి చూసింది. మళ్లీ గోడ నిమిరింది. వేళ్లు సందుల్లో పడుతూ లేస్తూ పోయాయి. తమ్ముడికి ఫోను చేసింది.

దర్జీ దుకాణం తలుపు సగం వేసి, సగం వదిలేసి వచ్చాడు. గోడ చూసి మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఒక్కో సందునూ కొలిచాడు, కొలతల పుస్తకం తీసి తిరగేశాడు. కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"ఎక్కడ తప్పు జరిగింది బావా?"

ఈ ప్రశ్న కోసమే కదా మేస్త్రి తొమ్మిది రోజులుగా కాచుకుని ఉన్నది. స్టూలు దగ్గరికి లాక్కుని తీరిగ్గా కూర్చున్నాడు. చెక్క నీళ్లు తాగితే ఎలా ఉబ్బుతుందో చెప్పాడు. పైన ఆరినా లోపల ఆరదని చెప్పాడు. దుప్పటి కప్పడం గోరుచుట్టు మీద రోకటి పోటని చెప్పాడు. తొట్టిలో పలకలు దించిన రోజునే పని చెడిందనీ, ఆ తర్వాత ఎంత నేర్పుగా కొట్టినా లాభం లేదనీ చేతులు తిప్పుతూ వివరించాడు. మేస్త్రి పని గురించి మాట్లాడితే వినేవాళ్లు లేచి వెళ్లలేరు, అంత బాగా చెబుతాడు. ఆ రోజు ఇంకా బాగా చెప్పాడు.

దర్జీ మొత్తం విన్నాడు. వాడికి కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది.

"నాకీ సంగతులేవీ తెలీవు బావా. తెలీకపోయినా మొదలుపెట్టానంటే నీ ధైర్యంతోనే. నువ్వు గుమ్మంలో కూర్చుని చూస్తున్నావు. తప్పుంటే బావ ఊరుకుంటాడా అనుకుని, నువ్వు తల ఊపినప్పుడల్లా ఒక పలక కొట్టేశాను. మౌనం అర్ధాంగీకారం అంటారుగా. దుకాణానికి వచ్చినవాళ్లందరికీ చెప్పాను కూడా, కట్టింది నేనే గానీ కట్టించింది మా బావేనని."

మేస్త్రి చేతులు గాల్లో తిరుగుతున్నవి అలాగే ఆగిపోయాయి. ఏ పనివాడూ చెయ్యని తెలివితక్కువ పని చేశానని అప్పుడు తెలిసింది. తప్పు ఎవరిదో చూపించబోయి, ఎప్పటినుంచి తెలుసో చెప్పేశాడు.

ఆవిడ గడప దిగి దగ్గరికొచ్చింది.

"తొట్టిలో పెడుతున్నప్పుడు మీరక్కడే ఉన్నారు," అంది. "అప్పుడే తెలుసా మీకు?"

మేస్త్రి కింద పడి ఉన్న మేకుల్ని ఏరడం మొదలుపెట్టాడు.

"నేను లోపలికి రమ్మని పిలిచినప్పుడూ తెలుసా?"

ఒక మేకు, ఇంకో మేకు. ఏరినవన్నీ అరచేతిలో పెట్టుకుని తల ఎత్తకుండా, ఒక్కరోజు సమయమివ్వు, మొత్తం విప్పేసి నేనే కడతానన్నాడు. కార్ఖానా పని మానేసైనా రేపే మొదలుపెడతానన్నాడు. అన్నేళ్లలో 'వచ్చే వారం' కాకుండా 'రేపు' అనడం అదే మొదలు.

"వద్దండీ," అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "మీ చేతులు నేను అడగడం మానేసి చాలాకాలమైంది. వాడే కడతాడు. తెలిసిన మాట నోటితో చెప్పండి చాలు."

అలాగే జరిగింది. మర్నాడు దర్జీ పలకలన్నీ విప్పాడు. మేస్త్రి స్టూలు గుమ్మంలోంచి పెరట్లోకి మారింది. ఎండలో పలకలు ఎంత ఎడంగా పరచాలో, ఏ పూట తిరగెయ్యాలో, ఆరిందో లేదో వేలి కణుపుతో కొట్టి వినడమెలాగో చెప్పాడు. మొదట్లో ఒక్కో మాటకూ గొంతు సవరించుకోవాల్సి వచ్చింది. చేతులు ఊరుకోక, రెండుసార్లు లేచి సుత్తి అందుకోబోయాడు. ఆవిడ పక్కనే కూర్చుని ఎండు ఆకులు గిల్లుతూ ఉంది. మేస్త్రే మళ్లీ కూర్చున్నాడు.

నాలుగు రోజుల తర్వాత పలకల్ని ఒకదానికొకటి ఆనించి కొడుతూ పోతే, ప్రతి గోడకూ చివర మూడు వేళ్ల వెడల్పు ఖాళీ మిగిలింది. పలకల్లోంచి పోయిన నీళ్ల కొలత అది. ఆ ఖాళీలు పూడ్చడానికి మేస్త్రి కార్ఖానా నుంచి పాత తలుపు ముక్కలు తెచ్చాడు. నల్లగా పండిన టేకు. వాటిని బద్దలుగా కోసి చిత్రిక పట్టింది కూడా దర్జీయే. పట్టు తెలీక ఒకచోట లోతుగా, ఒకచోట పైపైన పట్టాడు. మేస్త్రి పళ్లు బిగించుకుని, మొన కాస్త పైకెత్తు, మోచెయ్యి కాదు నడుము కదిలించు అంటూ వంద సార్లు చెప్పాడు. చివరి బద్ద నున్నగా వచ్చింది. వచ్చినప్పుడు, వాడికంటే ముందు మేస్త్రి మొహమే వెలిగింది. తనకే వింతగా అనిపించింది. అసూయ ఎటు పోయిందో వెతుక్కున్నాడు. పూర్తిగా పోలేదు, ఒక మూల ఇంకా చిన్నగా రగులుతూనే ఉంది.

తెల్లటి గోడలకు నాలుగు నల్లటి చారలతో షెడ్డు మళ్లీ నిలబడింది. పక్కింటి టీచరమ్మ బట్టలు తీసుకోవడానికి డాబా ఎక్కి, పిట్టగోడ మీదుగా తొంగి చూసింది. మొక్కల పనిముట్లకు ఇంత మంచి గది తను ఎక్కడా చూడలేదంది. ఆ నల్ల చారలు డిజైను కోసం వేశారా అంది. ఎట్టకేలకు మేస్త్రిగారు సొంతింటి పని పట్టించుకున్నారన్నమాట అని నవ్వింది.

మేస్త్రి భార్య నీళ్లు పడుతున్న గొట్టం పక్కన పెట్టింది.

"మా తమ్ముడు కట్టాడండీ," అంది. "ఈయన చూశారు."

దర్జీ గాభరాగా, అలా కాదండీ టీచరమ్మగారూ, అన్నీ బావే దగ్గరుండి చెప్పాడని అందుకోబోయాడు. మేస్త్రి వాడి భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. స్టూలు మీంచి లేచి, డాబా వైపు తల ఎత్తాడు.

"అవునండీ," అన్నాడు. "పలకలు తొట్టిలో పడేసిన రోజు నుంచీ చూస్తూనే ఉన్నాను. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు."